నియమగిరి నీరు

వంశధార నీటితో శ్రీకాకుళము జిల్లాలో వరి పండించుకొను రైతునకు, ఆ నీరు ఏ కొండనుండి దిగివచ్చుచున్నదో తెలిసికొనవలసిన అవసరము సాధారణముగా కలుగదు. కళింగపట్నమువద్ద సముద్రములో కలియు ఆ నదికిని, నాగావళికిని నీరు కూర్చు కొండలలో నియమగిరి యొకటి. అది ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల నడుమ నున్నది. నేడు మనము ప్రసంగించుకొనునది ఆ కొండను గూర్చియు, దానిని త్రవ్వవచ్చిన ఒక లండను కంపెనీని గూర్చియు.

కొండమీద డోంగరియా కోందులను గిరిజనులుందురు. జనసంఖ్య కొలది వేలు మాత్రమే. వారాడు కువి భాషయు మన తెలుగును దక్షిణ మధ్య ద్రావిడశాఖకు చెందినవే. చుట్టరికము దూరపుదైనను చుట్టరికమే. వారు వాలులలో చోళ్లు, సామలు, పసుపు, అల్లము, అనాస పండించి మునిగుడ, బిస్సంకటక్ సంతలలో అమ్ముకొందురు. తమ్మును తాము ‘ఝర్నియా’లని, అనగా సెలలను కాచువారని, చెప్పుకొందురు. కొండ శిఖరము నియమరాజను దేవునిదని వారి నమ్మకము. అచ్చట చెట్టు కొట్టరు.

ఈ కట్టడిని మూఢవిశ్వాసమని త్రోసివేయువారు ఒక సంగతి గమనింపవలెను. బాక్సైటు ఆ కొండ నెత్తిమీదనే పొరగా పరచుకొని యున్నది. ఆ పొర గుల్లగా నుండి, వానకాలపు నీటిని స్పంజివలె పీల్చుకొని, వేసవిలో కొంచెము కొంచెముగ ఊటలలోనికి విడుచును. కనుక అల్యూమినియము కొఱకు కంపెనీ కోరిన పొరయు, సెలలకు ప్రాణమైన పొరయు ఒక్కటే. దీనిలో సగము నీకు, సగము నాకు అనుటకు చోటు లేదు.

అచ్చట 7 కోట్ల టన్నులకు పైగా బాక్సైటు కలదని లెక్కవేసిరి. వేదాంత రిసోర్సెస్ అను సంస్థ 2003లో లండను స్టాకు ఎక్స్చేంజిలో నమోదైనది. పేరు వేదాంతము, వృత్తి లోహములు! స్థాపకుడు మనదేశీయుడే గదా, విదేశి యననేల యని అడుగవచ్చును. కాని పెట్టుబడి ఏ నగరమున సమకూడినదో, లాభనష్టముల లెక్క ఎవరికి చెప్పవలసి యుండెనో, అదియే ఇచ్చట ముఖ్యము. ఆ సంస్థ కొండపాదమున లాంజిగఢ్‌లో ముందుగనే శుద్ధికర్మాగారము కట్టెను. గనికి అనుమతి తరువాత వచ్చునని ధైర్యము. కర్మాగారము లేచి నిలిచిన పిదప, ‘ఇంత ధనము వ్యయమైనది, ముడిసరుకు ఈయకున్న నెట్లు?’ అను వాదము తనంతట తానే పుట్టును. గనుల వ్యాపారములో ఇంతకంటె బలమైన ఆయుధము లేదని మేము తలంచుచున్నాము.

నార్వే ప్రభుత్వపు పింఛను నిధి 2007లోను, ఇంగ్లండు చర్చి 2010లోను ఆ కంపెనీ వాటాలను వదలుకొన్నవి. 2010 ఆగస్టులో కేంద్ర పర్యావరణశాఖ అటవీ అనుమతిని నిరాకరించెను. వ్యవహారము సుప్రీముకోర్టునకు చేరెను. గనివలన నియమరాజు ఆరాధనకు భంగము కలుగునో లేదో, 2006 నాటి అటవీ హక్కుల చట్టము ననుసరించి గ్రామసభలే తేల్చవలెనని 2013 ఏప్రిల్ 18న కోర్టు తీర్పు చెప్పెను. షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతర కంపెనీలకు ప్రభుత్వము సైతము కౌలునకీయరాదని, మన విశాఖ మన్యములోని అనంతగిరి గనుల విషయమున, అదే కోర్టు 1997లో చెప్పిన ‘సమత’ తీర్పు ఈ సందర్భమున స్మరింపదగినది.

కొండపై నూరుకు మించి పల్లెలుండగా, రాష్ట్రప్రభుత్వము 12 పల్లెలను మాత్రమే ఎంచెను. సంఖ్య చిన్నదైనచో పని సులువగునని తలంచిరో యేమో! జూలై, ఆగస్టు వానలలో, జిల్లా న్యాయాధిపతుల సమక్షమున సభలు జరిగెను. 12 పల్లెలును వలదనెను. దేవుని చోటును ముక్కగా కొలిచి చూపుటకు వారంగీకరింపలేదు. కొండ యంతయు ఆయనదే యనిరి. 2014 జనవరిలో కేంద్రము గనిని త్రోసిపుచ్చెను. సభలు మరల జరుపవలెనని ఒడిశా ప్రభుత్వ గనుల సంస్థ చేసిన ప్రయత్నమును 2016లో సుప్రీముకోర్టు అంగీకరింపలేదు.

కర్మాగారము మాత్రము ఆగలేదు. ఇతర స్థలములనుండి ముడిసరుకు తెచ్చి నడుపుచున్నారు. 2018లో కంపెనీ లండను ఎక్స్చేంజినుండి వైదొలగెను. 2023లో అవే రెండు జిల్లాలలోని సిజిమాలి కొండ బాక్సైటు వేలమున ఆ సంస్థల సమూహమునకే దక్కినది. అచ్చటి గ్రామసభలు సమ్మతించినట్లు చూపిన తీర్మానములు నిజమైనవా కావా యను తగవు పిమ్మట ఆరంభమైనది.