మెట్రోపోలిస్ చిత్రమున యంత్రకాంత
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



పుస్తకముల పండుగనాడు ఒక పాత మూకీ చిత్రమును గూర్చి ముచ్చటించుచున్నందుకు మన్నింపుడు. అది 1927 జనవరి 10వ తేదీన బెర్లిన్ నగరమున తొలిసారి ప్రదర్శింపబడిన ‘మెట్రోపోలిస్’. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్. కథ ఆయన భార్య థియా ఫాన్ హార్బోది.

ఆకాశమునంటు మేడలలో యజమానులు, నేలక్రింద యంత్రముల కడ శ్రామికులు. మేరియా అను యువతి శ్రామికులకు ఓర్పు బోధించుచుండును. నగరాధిపతికది గిట్టలేదు. రోట్వాంగ్ అను శాస్త్రజ్ఞుడు లోహముతో ఒక స్త్రీని నిర్మించియుండెను. దానికి మేరియా ముఖమునిమ్మని అధిపతి ఆజ్ఞ. అసలు మేరియాను బంధించి ఆమె రూపమును యంత్రమునకు దించిరి. ఆ కపటమేరియా రెచ్చగొట్టగా జనులు యంత్రములను పగులగొట్టిరి. నీరు పొంగి వారి బిడ్డలున్న పాతాళపురమే మునిగినది. తప్పించుకొనివచ్చి ఆ బిడ్డలను కాపాడిన అసలు మేరియానే, ముఖము చూచి, గుంపు తరిమినది! దైవవశమున యంత్రకాంత వారి చేజిక్కినది. మంటలో పైరూపు పోయి లోహము బయటపడిన పిదప గాని వారికి మోసము తెలియలేదు.

యంత్రకాంత ఎంత భయంకరి అని చూచినవారందురు. నాకట్లు తోచదు. ఆడించిన చేతులు ఇద్దరు పురుషులవి. ప్రాణముమీదికి వచ్చినది సజీవయైన స్త్రీకి. రెండు పాత్రలను ధరించిన కొత్తనటి బ్రిగిట్టె హెల్మ్ దేహమును సైతము ఆ యంత్రకవచము ఒరసి గాయపరచినదట.

ఇది మనకేల యందురా? మన పల్లెల బిడ్డలనేకులు హైదరాబాదు హైటెక్ సిటీలో పనిచేయుచున్నారు. 1998లో ప్రధాని వాజపేయి గారు అచట సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. ఆ ప్రాంతముననే 2018 ఫిబ్రవరిలో జరిగిన ప్రపంచ సమాచార సాంకేతిక మహాసభయందు సోఫియా అను యంత్రకాంత వేదికనెక్కి సంభాషించినది. అది యంత్రమని సభకు తెలియును గనుక ఎవరికిని కీడు కలుగలేదు. చెప్పక వచ్చు యంత్రకాంత వేరు. 2023 నవంబరులో వేరొక స్త్రీ వీడియోకు నటి రష్మిక మందన్న ముఖమును అతికించి ఫోనులలో త్రిప్పిరి. దీనిని డీప్‌ఫేక్ అందురు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు నిందితుని పట్టుకొన్నది ఎక్కడో కాదు, మన గుంటూరు జిల్లాలో.

తారకైతే దేశమంతయు అండగా నిలిచినది. మన వీధిలో కాలేజీకి పోవు పిల్ల ముఖమునే ఎవడైన అట్లు వాడినచో? తండ్రి చదువు మాన్పించును, సంబంధము తప్పిపోవును, రచ్చబండకడ నలుగురు నవ్వుదురు. అపుడామెను తరుము గుంపు మనమే. కావున పఠనమందిరపు గోడపై సైబర్ నేరముల సహాయ సంఖ్య 1930ని పెద్దయక్షరములతో వ్రాయింపుడని కార్యవర్గమువారిని కోరుచున్నాను. ఆ పిల్ల వచ్చి చెప్పుకొన్ననాడు మొదట ఆమె మాట వినుడు.

మరియొక మాట. తొలి ప్రదర్శనానంతరము ఈ చిత్రమును చాల భాగము కత్తిరించిరి. ఆ ముక్కలు పోయినవనియే అనుకొనిరి. 2008లో బ్యూనస్ ఐరిస్ నగరపు చలనచిత్ర ప్రదర్శనశాలలో దాదాపు పూర్తి ప్రతి దొరకినది. ఎవరో భద్రపరచిరి గనుక దొరకినది. ఈ సంగతి గ్రంథాలయమువారికి నేను చెప్పవలసిన పనిలేదు. ఈ రాత్రి భోజనానంతరము ఆ చిత్రమునే ఇచట తెరపై చూపుదురు. నడుమ వచ్చు అక్షరములను తెలుగున చదివి వినిపించుటకు నేను తెర ప్రక్కన నిలిచియుందును. పిల్లలను ముందు వరుసలో కూర్చుండబెట్టుడు.