వానలకుఁ గారణము – మన కర్తవ్యము



వాన తప్పినను, ఎండ ముదిరినను "కలికాల మహిమ" యని నిట్టూర్చుట మనకు వాడుక. కలిపురుషునిమీఁద నెపము మోపినచోఁ గారణమును వెదకు శ్రమ తప్పును గాని కష్టము తప్పదు. మనలో ననేకులు సేద్యముచే జీవించువారు. కారణ మెఱుఁగనివారికిఁ గర్తవ్యము తోఁపదు. కావున నీ విషయమును మనవి చేయఁబూనితిని.

ఒకనాఁటి యెండవానలను వాతావరణ మందురు. సుమారు 30 ఏండ్ల సగటును శీతోష్ణస్థితి యందురు. మనుజుఁ డొకనాఁడు కోపించుట వేఱు, వాని స్వభావము వేఱు గదా!

దీని కెల్ల మూలము సూర్యుఁడు. భూమి యక్షము సుమారు 23.5 డిగ్రీలు వంగియున్నందున ఋతువులు గలుగుచున్నవి. వేసవిలో నేల త్వరగాఁ గాఁగును. సముద్రము మెల్లగాఁ గాఁగును. నేలపై గాలి తేలికయై పైకెగయఁగా, సముద్రమునుండి తేమగాలి యచ్చటికి వచ్చును. అదియే నైరృతి ఋతుపవనము. జూను మొదలు సెప్టెంబరు వఱకు దేశమునకు సగటున 87 సెంటీమీటర్ల వాన దీనివలననే లభించును. ఏఁటి వానలో నది ముప్పాతిక వంతు. దూరముననున్న పసిఫిక్ సముద్రపు నీరు వేఁడెక్కినను మన వాన పలుమాఱు తగ్గుచుండును. ఆ యేఁటిని ఎల్ నినో సంవత్సర మందురు. 1904 మొదలు 1924 వఱకు మన దేశపు వేధశాలల కధిపతియైన గిల్బర్ట్ వాకర్, పసిఫిక్ మహాసముద్రముపై గాలి యొత్తిడి పెరిగినపుడు హిందూమహాసముద్రముపైఁ దగ్గుటను గనిపెట్టెను.

గాలియందలి నీటియావిరియు, బొగ్గుపులుసు వాయువును భూమికి గొంగడివంటివి. అట్టివి లేకున్నచో భూమి సగటు వేఁడిమి సున్నకు 18 డిగ్రీలు తక్కువగా నుండును. వానివలన సుమారు 15 డిగ్రీలున్నది. గొంగడి దోషము గాదు; అది మితిమీఱి మందమగుటయే దోషము. యంత్రయుగమునకు ముందు గాలిలోఁ బదిలక్షల భాగములకు సుమారు 280 భాగములున్న బొగ్గుపులుసు వాయువు, బొగ్గును చమురును గాల్చుటచే 2024 నాఁటికి 420 దాఁటినది. గాలి యొక డిగ్రీ వేఁడెక్కినచో నూటికి సుమారు 7 వంతు లధికముగా నావిరిని ధరింపఁగలదు. అందుచేఁ గురిసిననాఁడు కుండపోఁత. కురియనినాఁడు నేల మఱింత యెండుట.

వానను గొలుచుట మనకుఁ గ్రొత్తగాదు. మూరెడు వెడల్పుగల కుండతో వానను గొలుచు విధమును వరాహమిహిరుఁడు బృహత్సంహితయందుఁ జెప్పియున్నాఁడు. నేనును బడిలో దీనిని బోధించితినే కాని, యొక్కనాఁడును కుండను బయటఁ బెట్టించి పిల్లలచేఁ గొలిపింపనైతిని. ఆ లోపము నాది. ఉగాదినాఁ డిన్ని కుంచముల వానయని విని సంతసించు మనము, కురిసిన వాన యెంతయో వ్రాసియుంచుకొనము.

ఈ సభవారికి నా విన్నపములు రెండు. మనవారున్న ప్రతి గ్రామమందును వర్షమానపాత్ర నొకదానిని నెలకొల్పి, బడిపిల్లలచేఁ బ్రతిదినము లెక్క వ్రాయింపుఁడు. కుండపోఁత నీరు వ్యర్థముగాఁ బోకుండఁ జెఱువుల పూడిక తీయింపుఁడు. విందులకు వ్రాయు చందాలలోఁ గొంత యిందులకు మరలింపుఁడు. చెఱువు నీటికిఁ గులభేదము లేదు. మన ధనముతో నిండిన చెఱువు ఊరందఱి పొలములను దడుపును. ఒక సంఘమునకు దానికన్నఁ గీర్తి యేమి గలదు?