భయపడ్డ మనసుకి పాఠం ఎలా ఎక్కుతుంది?



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆశ్రమ పాఠశాలలో 'కుదురు లేదు, పరధ్యానం' అని తిట్లు తిన్నవాళ్లు మనలో చాలామందే ఉంటారు. ఆ తిట్టు వెనక ఏముందో చూద్దాం.

ఏడీహెచ్‌డీ అంటే మెదడు ఎదిగే తీరులోనే ఉన్న తేడా. దాని లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలవుతాయి. ఆందోళన అంటే ఏదో జరగబోతోందని ఆగని గుబులు, గుండె దడ, పట్టని నిద్ర. మూడోది గాయం. పోలవరం ముంపులో ఊరు పోవడం, పోడు చేలో పంట పీకేయడం, ఇంట్లో దెబ్బలు, పసితనంలోనే అమ్మను వదిలి హాస్టల్‌కి రావడం.

గాయపడ్డ మనసు రాత్రీపగలూ కాపలా కాస్తుంది. తలుపు చప్పుడైనా ఉలిక్కిపడుతుంది. ఇంక పాఠం ఎక్కడ వింటుంది? పైకి చూస్తే ఏడీహెచ్‌డీలాగే ఉంటుంది. ముందే ఏడీహెచ్‌డీ, ఆందోళన ఉన్న పిల్లలకైతే గాయం ఆ రెండింటినీ ఇంకా పెంచుతుంది.

అందుకే కర్ర తీసే ముందు అడగాలి: ఎప్పటినుంచి ఇలా ఉంది? ఊరు కదిలాకా, అంతకుముందు నుంచేనా? డాక్టరుకీ ఇదే చెప్పాలి. దాన్నిబట్టే వైద్యం మారుతుంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఈ వైద్యం మన హక్కు. టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. కానీ కోయ, సవర, గోండి పిల్లలు తమ బాధ తమ భాషలో చెప్పుకోవాలి కదా! ఆ భాష వచ్చిన కౌన్సెలర్‌ని ప్రతి ఐటీడీఏలో పెట్టమని అడుగుదాం. భూమి అడిగినంత గట్టిగా అడుగుదాం.