ఫ్లూ రోజుల్లో సెలవు సంగతి

ఈవేళ నేను మందుల గురించి చెప్పబోవడం లేదు, సెలవు గురించి మాట్లాడతాను. ఫ్లూ జ్వరాలు తిరిగే రోజుల్లో పనిచేసేవాళ్లకు సెలవు ఎలా ఇవ్వాలి, ఎలా తీసుకోవాలి అన్న విషయం. ఆసుపత్రిలో ఈ మాటెందుకని మీకు అనిపించవచ్చు. మీలో చిన్న కొట్టు నడిపేవారున్నారు, ఇంట్లో పనిమనిషిని పెట్టుకున్నవారున్నారు, నెలజీతానికి వెళ్లేవారున్నారు.

ముందు నా సంగతి చెబుతాను. నర్సింగ్ డిప్లొమా పూర్తయిన కొత్తలో వేరే ఊళ్లో ఒక ఆసుపత్రిలో పనిచేశాను. ఒకరోజు నైట్ డ్యూటీకి బయలుదేరేసరికి ఒళ్లునొప్పులు, వణుకు, జ్వరం. ఫోన్ చేసి అడిగితే "మనుషులు లేరమ్మా, ఒక మాత్ర వేసుకుని వచ్చేయ్" అన్నారు. పారాసిటమాల్ వేసుకున్నాను, జ్వరం దిగింది, వెళ్లాను. మాత్ర జ్వరాన్ని దించుతుందే గానీ పక్కవారికి అంటకుండా ఆపదని నాకు తెలుసు. తెలిసే వెళ్లాను. మూడు రోజులు తిరక్కుండా ఇద్దరు సిస్టర్లు, ఒక ఆయా పడకేశారు. ఒక్క మనిషికి సెలవివ్వలేమన్నవాళ్లు నలుగురు లేకుండా వారం నెట్టాల్సి వచ్చింది. అదైనా ఎలాగో గడిచిపోయింది. ఆ రాత్రి నేను చేయిపట్టి లేపి కూర్చోబెట్టిన ఒక పెద్దావిడ ఉంది. తుంటి ఆపరేషన్ అయ్యి, రెండురోజుల్లో ఇంటికి వెళ్లాల్సిన మనిషి. ఆమెకు జ్వరం తగిలి న్యుమోనియాలోకి దిగింది. బతికింది గానీ ఇంకో పదహారు రోజులు మంచంమీదే ఉంది. కొడుకు కూలిపని మానుకుని పక్కన కూర్చున్నాడు. నావల్లనే అని ఎవరూ అనలేదు, రుజువు కూడా లేదు. వెళ్లేటప్పుడు ఆ అబ్బాయి నాకు దండం పెట్టాడు. ఆ దండం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఇప్పుడు మా వార్డులో డ్యూటీలు వేసేది నేనే. జ్వరమని ఫోన్ వస్తే నేను మొదట అనే మాట "రావద్దు" అని.

2009లో స్వైన్ ఫ్లూ వచ్చింది, గుర్తుందా? మన దేశంలో మొదటి కేసు ఆ ఏడాది మే నెలలో హైదరాబాదులోనే బయటపడింది. ఆ వైరస్ ఎక్కడికీ పోలేదు, ఇప్పుడు ఏటా తిరిగే ఫ్లూలో అదీ ఒకటి. మన దేశంలో జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానాకాలంలో మరోసారి ఎక్కువవుతుంది. జ్వరం కనపడడానికి ఒకరోజు ముందునుంచే అంటుకోవడం మొదలై, ఆ తర్వాత అయిదు నుంచి ఏడు రోజులుంటుంది. మొదటి మూడు నాలుగు రోజుల్లో బాగా ఎక్కువ. అందుకే మాత్ర వేసుకోకుండా 24 గంటలు జ్వరం రాకుండా ఉన్నాకే పనికి వెళ్లాలి. దగ్గు ఇంకా ఉంటే మాస్కు కట్టుకుని వెళ్లండి.

మనుషుల్ని పెట్టుకున్నవారికి ఒక మాట. రెండురోజుల జ్వరానికి డాక్టర్ సర్టిఫికెట్ అడగకండి. మా ఓపీలో నేను చూస్తుంటాను, ఇంట్లో పడుకోవలసిన మనిషి కాగితం కోసం వచ్చి, గర్భిణీల పక్కన, షుగరు ఉన్న ముసలివాళ్ల పక్కన రెండుగంటలు దగ్గుతూ కూర్చుంటాడు. కొందరు తగ్గాక వచ్చి మొన్నటి తేదీ వేసి ఇమ్మంటారు. చూడని రోజుకు డాక్టరుగారు ఎలా రాస్తారు? ఫోన్ చేసి చెబితే చాలునని ముందే అనండి. ఒకరి పని ఇంకొకరికి నేర్పి ఉంచండి. బీరువా తాళం, బిల్లు పుస్తకం ఒక్కరి చేతిలోనే ఉంటే ఆ మనిషి జ్వరంతోనైనా వస్తాడు. వీలైతే ఏటా ఫ్లూ టీకా ఖర్చు మీరే పెట్టుకోండి. అది పనిచేయడానికి సుమారు రెండువారాలు పడుతుంది కాబట్టి జ్వరాలు మొదలవకముందే వేయించాలి.

జీతానికి పనిచేసేవారు ఇది తెలుసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ దుకాణాలు, సంస్థల చట్టం 1988 ప్రకారం కొట్టులో పనిచేసేవారికి ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో జబ్బు సెలవు, మరో 12 రోజుల వరకు క్యాజువల్ సెలవు ఉన్నాయి. చాలామంది యజమానులకే ఇది తెలియదు. ఈఎస్ఐ ఉన్నవారికి, తగినంత చందా కట్టి ఉంటే, జబ్బు రోజులకు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. కానీ మామూలుగా మొదటి రెండురోజులకు రాదు, కాబట్టి చిన్న ఫ్లూకి దానిమీద ఆశ పెట్టుకోకండి. ఇక రోజుకూలీకి వెళ్లేవారికి నేనేం చెప్పను? వాళ్లను ఇంట్లో ఉండమనడం సులువు, ఆ పూట బియ్యం ఎవరు తెస్తారన్నదే కష్టం. ఇంట్లో పనిచేసే అమ్మాయికి జ్వరమొస్తే ఆ మూడురోజుల జీతం కోయకండి. కోస్తే ఈసారి జ్వరం దాచుకుని వచ్చి మీ పిల్లల గిన్నెలే తోముతుంది.

ఇంట్లో ఉన్న మనిషిని కూడా గమనిస్తూ ఉండాలి. ఆయాసం, ఛాతీనొప్పి, పెదవులు నీలంగా మారడం, మాట తికమకపడడం, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టడం, పసిబిడ్డ పాలు తాగకపోవడం, వీటిలో ఏది కనబడినా వెంటనే తీసుకురండి. గర్భిణీలు, అయిదేళ్లలోపు పిల్లలు, పెద్దవయసువారు, షుగరు, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు ఇంకా ముందే రావాలి. ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది. పిల్లలకు ఆస్పిరిన్ మాత్రం ఇవ్వకండి.

చివరగా మీ సంగతి. రోగి దగ్గర ఉండేది మీ ఒక్కరే కాబట్టి జ్వరం వచ్చినా చెప్పరు. పంపేస్తామని భయం. మేం కసురుకోము. మీకు బదులు ఉండగలిగే ఇంకొక్కరి పేరు ఈరోజే ఇంట్లో అనుకుని పెట్టుకోండి. జ్వరం తగిలితే వార్డు బల్ల దగ్గరకు వచ్చి సిస్టరుతో చెప్పండి, పాసు ఆ రెండోమనిషి పేరుమీద మార్చి ఇస్తాం. రెండోమనిషి లేకపోతే అదీ చెప్పండి, అన్నం తినిపించేవేళకు ఎవరిని పంపాలో మేం చూసుకుంటాం.