రంగు పోయిన నీరు శుద్ధమైన నీరేనా?

(తిరుప్పూరు ప్రాంతమునందలి మన తెలుగు పాఠశాల విజ్ఞాన సంఘ సమావేశమున చేసిన ఉపన్యాసము)



నొయ్యల్ నది చెంత వసించు మనకు మురికినీటి కథ క్రొత్తది కాదు. ఈ సీమలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారిలో నేతవారును కలరు, రైతులును కలరు. బట్టకు రంగు కావలెను. పైరుకు మంచినీరు కావలెను. ఈ రెండింటికిని వైరము వచ్చినది. తిరుప్పూరు అద్దకపు కార్ఖానాల మురికినీరు నొయ్యల్‌లో కలిసి, సాగునీటికై దిగువను కట్టిన ఒరత్తుపాళయము ఆనకట్టలో నిలిచినది. ఆ నీటిని తమ పొలములకు విడువవలదని రైతులే మొఱపెట్టుకొనిరి. 2011 జనవరిలో మద్రాసు ఉన్నత న్యాయస్థానము అద్దకపు కార్ఖానాలను మూసివేయవలెనని ఆదేశించెను. నాడు కూలి పోగొట్టుకొన్నవారును, అంతకుముందు పంట పోగొట్టుకొన్నవారును మన యిరుగుపొరుగువారే.

ఈ చిక్కు తీర్చుటకు సూర్యకాంతి తోడ్పడునా? ఇదియే నేటి ప్రసంగ విషయము.

టైటానియం డయాక్సైడు అను తెల్లని పదార్థమున్నది. దానిపై కాంతి ప్రసరించినపుడు నీరు ఉదజనిగను, ప్రాణవాయువుగను విడిపోవునని జపాను శాస్త్రజ్ఞులు ఫుజిషిమా, హోండాలు 1972లో ప్రకటించిరి. పిదప పలువురు ఆ శక్తినే నీటిలోని మాలిన్యములను విఱుచుటకు వినియోగింపసాగిరి. నానోమీటరనగా మీటరులో నూఱుకోట్లవ వంతు. పొడి రేణువులను కొలది నానోమీటర్ల పరిమాణమునకు తగ్గించినచో, ఒక్క గ్రాము పొడికే మిక్కిలి విశాలమైన ఉపరితలము లభించును. అతినీలలోహిత కిరణము సోకగానే అందలి ఎలక్ట్రాను తన చోటు వీడి పైకెగయును. అచ్చట ఖాళీ యేర్పడును. ఆ ఖాళీ నీటినుండి ఎలక్ట్రానును లాగుకొని, హైడ్రాక్సిల్ రాడికల్ అను మిగుల చురుకైన కణమును పుట్టించును. అది రంగు అణువును ముక్కలు చేయును. పని పూర్తియైనచో అందలి కర్బనము బొగ్గుపులుసు వాయువుగా మాఱును. పొడి మాత్రము ఖర్చు కాదు; కావుననే దానిని ఉత్ప్రేరకమందురు.

బల్లపైనున్న మూడు గ్లాసులను చూడుడు. మూడింటను మిథిలీన్ బ్లూ అను నీలిరంగు కలిపితిమి. మొదటిదానిలో పొడి వేసి ఎండలో నుంచితిమి. రెండవదానిలో పొడి వేసి చీకటిలో నుంచితిమి. మూడవదానిని పొడి లేకయే ఎండలో నుంచితిమి. మొదటిదే బాగుగా తేటపడినది. రెండవది కొంచెము వెలిసినది. అందలి రంగు పొడికి అంటుకొన్నదే గాని నశింపలేదు. మూడవది కొంత వెలిసినది. అది ఎండ యొక్కటియే చేసిన పని. ఈ రెండు గ్లాసులు లేనిచో మొదటిదాని ఫలితము నమ్మదగినది కాదు.

అయినను తొందరపడి సంతోషింపకుడు. ఎండలో అతినీలలోహిత భాగము నూటికి సుమారు 5 పాళ్లు మాత్రమే. ఎగసిన ఎలక్ట్రాను వెంటనే ఖాళీలో పడినచో పని చెడును. చిక్కని మురికినీటిలోనికి వెలుగు చొరదు. పనియైన పిదప సన్నని పొడిని నీటినుండి వేఱుచేయుట కష్టము. అందుచే దానిని గాజుపై పూసి పరీక్షించుచున్నారు. రంగు పోయినను అణువుల ముక్కలు నీటిలో మిగిలియుండవచ్చును. కొన్ని అజో రంగుల ముక్కలు విషములు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఉప్పు. నూలుకు రంగు పట్టించుటకు ఉప్పును విస్తారముగా వాడుదురు. ఏ వెలుగును ఉప్పును విఱువజాలదు. నొయ్యల్ రైతుల భూములను చెఱచినవానిలో ఉప్పు ప్రధానము. కావున నేడు ఇచ్చటి శుద్ధికేంద్రములలో నీటిని సన్నని పొరల గుండ వడకట్టి, మిగిలిన ద్రవమును ఆవిరిచేసి ఉప్పును వేఱుచేయుచున్నారు. కాంతి ఉత్ప్రేరకము ఆ పనికి తోడు కాగలదు, బదులు కాజాలదు.

విద్యార్థులారా! తేటగా కనబడు నీరు పైరుకు పనికివచ్చునో లేదో కన్ను చెప్పజాలదు, కొలత చెప్పవలెను. వచ్చువారము మీ మీ యిండ్ల బావినీటిని సీసాలలో తెండు. అందలి ఉప్పును కొలిచి, ఊరిపేరు, తేదీ, అంకె మన తెలుగులో పుస్తకమున వ్రాయుదము. ఏటేట వ్రాసిన ఆ పుస్తకము మన రైతుల చేతికొక సాక్ష్యమగును.