ఫలితం తెలియకముందే ఇచ్చే డబ్బు

 

స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ గురించి, పట్టాలు అందుకుంటున్న మీరు పాఠాల్లో కన్నా వాట్సాప్‌లో వచ్చే చందాల విజ్ఞప్తుల్లోనే ఎక్కువ చదివి ఉంటారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిన ఎస్‌ఎంఎన్1 జన్యువే బిడ్డకు వస్తే, వెన్నుపాములో కండరాలను కదిలించే నాడీకణాలు చచ్చిపోతాయి. జబ్బు తీవ్రంగా ఉంటే పసిబిడ్డకు మెడ నిలవదు, పాలు మింగే శక్తి కూడా చాలదు.

ఆ నాడీకణాలు ఎలా చనిపోతాయో చూద్దామంటే బతికున్న బిడ్డ వెన్నుపామును కోయలేం కదా! 2009లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఈ జబ్బున్న ఒక బాబు చర్మకణాలనూ, జబ్బు లేని అతని తల్లి చర్మకణాలనూ మూలకణాలుగా మార్చి, వాటి నుంచి ఆ నాడీకణాలనే, అంటే మోటార్ న్యూరాన్లను, పెంచారు. మొదట్లో ఇద్దరివీ ఒకేలా పెరిగాయి. కొన్ని వారాలు గడిచేసరికి బాబు కణాల సంఖ్య తగ్గింది, మిగిలినవి చిక్కిపోయాయి. తల్లివి నిలిచాయి. అంటే లోపం ఆ కణాలు పుట్టడంలో లేదు, బతకడంలో ఉంది. మందు పనిచేయడానికి వ్యవధి ఉందన్నమాట.

ఈ పనికి దారి వేసింది 2006లో జపాన్ శాస్త్రజ్ఞుడు యమనక ఎలుక చర్మకణాలను మూలకణాలుగా మార్చిన ప్రయోగం. అది ఈ జబ్బు కోసం చేసింది కాదు. మూలకణాల పరిశోధనకు డబ్బు కూడా ఫలితం తెలియకముందే వచ్చింది. 2001లో అమెరికా ప్రభుత్వం పిండ మూలకణాల పరిశోధనకు నిధులు కట్టడి చేస్తే, 2004లో కాలిఫోర్నియా ఓటర్లు 300 కోట్ల డాలర్ల బాండ్లకు ఓటేశారు. ఈ జబ్బున్న బిడ్డల తల్లిదండ్రులు చందాలు పోగుచేసి ల్యాబులకిచ్చారు. ఫలితం వస్తుందని వాళ్లకెవరూ మాటివ్వలేదు.

మన దగ్గర డబ్బు చిట్టచివర కదులుతోంది. ఈ జబ్బుకు చేసే జన్యుచికిత్స 2019లో అమెరికాలో అనుమతి పొందినప్పుడు దాని ధర సుమారు 21 లక్షల డాలర్లు. మన అరుదైన వ్యాధుల విధానం కింద అందే సాయం 50 లక్షల రూపాయల వరకే. మిగతాది ఊరూవాడా చందా వేసుకోవాలి. ఇచ్చిన ప్రతి చేతికీ దండం పెడతాను. కానీ ల్యాబుకూ అలాగే, ఏటా ఆగకుండా అందాలి. నాడీకణాలకు రెండు మూడు రోజులకోసారి పోషక ద్రవం (మీడియం) మార్చాలి; గ్రాంటు రాలేదని అవి ఆగవు.

మీలో నిధులు మంజూరు చేసే కుర్చీల్లో కూర్చునేవాళ్లు దీన్ని మరిచిపోకండి. ఇంకో మాట: మూలకణాల ఇంజెక్షన్‌తో నయం చేస్తామని లక్షలు అడిగే క్లినిక్ గుమ్మంలో ఏ కుటుంబమైనా కనబడితే, అది అనుమతి ఉన్న క్లినికల్ ట్రయలేనా అని మీరే వెళ్లి అడగండి. కాకపోతే ఆ అమ్మానాన్నలను అక్కడే ఆపండి.