పెరట్లో బాతులు, పక్కింటివారి నిద్ర



నగరాల్లో పెరడు మిగిలిన ఇళ్ళు తక్కువ. ఆ కాస్త చోటు ఉన్నవాళ్ళలో కొందరు ఈమధ్య ముచ్చటపడి బాతుల్ని పెంచుతున్నారు. హైదరాబాద్ ముర్గీ చౌక్‌లోనో, ఊరి వారపు సంతలోనో అట్టపెట్టె నిండా పసుపుపచ్చని బాతుపిల్లలు కనిపిస్తాయి. ఇంట్లో పిల్లలు మారాం చేస్తారు, ఒకటో రెండో కొంటారు. మొదటి నెల ఇల్లంతా వాటి చుట్టూనే తిరుగుతుంది. మూడో నెల వచ్చేసరికి తెల్లవారకముందే క్వాక్ క్వాక్ మొదలవుతుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన పక్కింటాయన, చంటిబిడ్డను అప్పుడే నిద్రపుచ్చిన ఎదురింటి కోడలు ఓపిక పడతారు. కొన్నాళ్ళకి ఆ ఓపిక కూడా అయిపోతుంది.

బాతు ఊరికే అరవదు. ఆకలి, ఒంటరితనం, భయం, గుడ్డు పెట్టే వేళ, మిమ్మల్ని చూసిన సంబరం, ఇలా ప్రతి అరుపు వెనకా ఒక కారణం ఉంటుంది. ఆ కారణాన్ని పట్టుకుంటే అరుపు తగ్గుతుంది. అయితే అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది ఒకటుంది. మీ పెరట్లో ఉన్నది ఆడబాతా, మగబాతా?

మనకి గొంతు పలికేది మెడ పైభాగంలో. పక్షులకి గాలిగొట్టం కిందికి దిగి, రెండుగా చీలి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే చోట ఒక చిన్న అవయవం ఉంటుంది. దాన్ని సిరింక్స్ అంటారు. మన నాటు బాతుల్లో, తెల్ల పెకిన్ బాతుల్లో మగవాటికి ఈ సిరింక్స్ ఎడమపక్కన ఎముకతో చేసిన ఒక బుడిపె పెరుగుతుంది. ఆడవాటికి అది ఉండదు. అందుకే మగబాతు గొంతు జలుబు చేసినట్టు బొంగురుగా, లోగొంతుకతో వస్తుంది. వీధి చివరిదాకా వినిపించే ఆ ఖంగుమనే క్వాక్ ఆడబాతుది. చాలామంది పెద్దగా అరిచేది మగదని అనుకుంటారు. కోడిపుంజును చూసిన అలవాటు అది. బాతుల్లో సంగతి తిరగబడుతుంది.

ఈ తేడా పిల్లల్లో తెలియదు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య గొంతులు మారతాయి. అప్పుడు ఒక్కొక్కదాన్నీ పొట్ట కింద చెయ్యి వేసి, రెక్కలు విదిలించకుండా రెండు చేతులతో మెల్లగా ఎత్తి వినండి. ఎత్తగానే బాతు అభ్యంతరం చెబుతుంది. పిచికలా సన్నగా కీచుమంటే ఇంకా చిన్నదన్నమాట. గట్టిగా, తెగినట్టుగా క్వాక్ మంటే ఆడది. గరగరమంటే మగది. మరికొన్ని వారాలకి మగవాటి తోక మీద ఒకటి రెండు ఈకలు ఉంగరంలా పైకి మెలితిరుగుతాయి, దాంతో అనుమానం తీరిపోతుంది.

గుడ్ల కోసం కాకుండా ముచ్చట కోసమే పెంచేవాళ్ళకి నా సలహా సూటిగా చెబుతాను. రెండు మగబాతుల్ని ఉంచుకోండి. ఆడవి కంటపడకపోతే అవి సాధారణంగా పోట్లాడుకోకుండా కలిసి బతుకుతాయి, మీ వీధికి వాటి ఉనికే తెలియదు. గుడ్లు కావాలనుకుంటే నాలుగైదు ఆడవాటికి ఒక మగది లెక్క. ఒక ఆడది, ఒక మగది అంటూ జంటగా ఉంచడం చూడ్డానికి బావుంటుంది గాని, ఆ ఆడబాతు మెడ మీద ఈకలు ఊడి పుండు పడవచ్చు. దానికి విశ్రాంతే దొరకదు.

జాతిని బట్టి కూడా తేడా ఉంది. గుడ్లకు పేరుపొందిన ఖాకీ క్యాంప్‌బెల్‌ని ఇంగ్లాండులో అడెల్ క్యాంప్‌బెల్ అనే ఇల్లాలు తన ఇంటి బాతుల్ని ఇండియన్ రన్నర్‌తోనూ మరికొన్ని రకాలతోనూ కలిపి తయారుచేశారు. బాగా మేపితే ఏడాదికి 300 దాకా గుడ్లు పెడుతుంది. కానీ అది చురుకైన జాతి, ఆకు కదిలినా పలుకుతుంది. కాల్ డక్ అనే పొట్టి రకాన్ని చూసి చిన్నది కదా, సద్దు చెయ్యదులే అని మోసపోవద్దు. యూరప్‌లో వేటగాళ్ళు అడవి బాతుల్ని పిలిపించడానికి పెంచిన రకం అది. పిలవడమే దాని పని. నగరానికి సరిపడేది మస్కోవీ. ప్రపంచంలోని పెంపుడు బాతులన్నీ మల్లార్డ్ అనే అడవి బాతు సంతతి అయితే, మధ్య, దక్షిణ అమెరికాల నుంచి వచ్చిన ఈ ఒక్కటే వేరే జాతి. మగది బుస కొడుతుంది, ఆడది సన్నగా కూనిరాగం తీస్తుంది, అంతే. కాకపోతే అది ఎగరగలదు. గోడ మీద కూర్చుని పక్కింటి మొక్కల్ని చూడకుండా జాగ్రత్త పడాలి.

ఇక కారణాల్లోకి వద్దాం.

ఒంటరి బాతు అంత బిగ్గరగా అరిచే బాతు మరొకటి ఉండదు. గుడ్డులోంచి బయటికి రాగానే కదులుతూ కనిపించిన జీవిని తల్లిగా గుర్తుపెట్టుకునే లక్షణం బాతుపిల్లలకీ హంసబాతు పిల్లలకీ ఉంది. 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న కొన్రాడ్ లోరెంజ్ దీన్ని హంసబాతుల మీద వివరంగా చూపించారు. ఒక్కటే పిల్లను తెచ్చి ఒళ్ళో పెట్టుకుని పెంచితే, దానికి మంద అంటే మీరే. మీరు తలుపు వేసుకుని లోపలికి వెళ్ళిన క్షణం నుంచి మందను పిలుస్తూనే ఉంటుంది. దానికి తోడు తేవడమే మందు. గోదావరి, కృష్ణా జిల్లాల్లో కోతలైన వరిచేలలో వందల బాతుల్ని మేపుకుంటూ పోయేవాళ్ళని గమనించండి. మంద నుంచి వెనకబడ్డ బాతు గొంతు చించుకుంటుంది, మందలో కలవగానే ముక్కు బురదలో పెట్టి మేతలో పడిపోతుంది.

రెండో కారణం మనం నేర్పిందే. బాతు అరుస్తుంది, పాపం ఆకలేమో అని గుప్పెడు నూకలు వేస్తాం. అరిస్తే నూకలు వస్తాయని దానికి అర్థమవుతుంది. అప్పుడప్పుడు మాత్రమే వేస్తే అలవాటు ఇంకా గట్టిపడుతుంది. ఎన్నోసారికి దొరుకుతుందో తెలియని పని జీవులు త్వరగా మానవని స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాల మీద చూపించారు. కాబట్టి దాణాకి వేళలు పెట్టండి. అరుస్తున్నంతసేపూ గిన్నె పట్టుకుని బయటికి రావద్దు. కాస్త ఆగినప్పుడు, ఆ నిశ్శబ్దంలోనే వెయ్యండి. మొదలుపెట్టిన కొన్ని రోజులు అరుపు తగ్గకపోగా పెరుగుతుంది. పాత ఉపాయం పారడం లేదని అది ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. చాలామంది సరిగ్గా అక్కడే జాలిపడి లొంగిపోతారు. ఇంట్లో అందరూ ఒక్క మాట మీద ఉంటే ఆ గండం దాటిపోతుంది. ముఖ్యంగా అమ్మమ్మలతో, తాతయ్యలతో ముందే మాట్లాడుకోండి.

రాత్రి అరుపుల సంగతి వేరు. చీకట్లో బాతు అరిచిందంటే దాదాపు ఎప్పుడూ భయమే కారణం. బాతు నిద్ర చిత్రమైనది. మెదడులో ఒక సగం నిద్రపోతూ మరో సగం మెలకువగా ఉండగలదు. మల్లార్డ్ బాతుల్ని వరుసలో పడుకోబెట్టి చూసిన పరిశోధకులు 1999లో నేచర్ పత్రికలో రాశారు. నడుమ ఉన్నవి రెండు కళ్ళూ మూసుకునే ఎక్కువగా నిద్రపోయాయి. చివరన ఉన్నవి ఒక కన్ను తెరిచి, ఆ కన్నును ఖాళీగా ఉన్న వైపుకే తిప్పి కాపలా కాశాయి. కాబట్టి మీ బాతులకు ఏ వైపు నుంచి దిగులో చూడండి. విజయవాడలో నాకు తెలిసిన ఒక ఇంట్లో రోజూ అర్ధరాత్రి దాటాక బాతులు గోల చేసేవి. పిల్లి అనుకున్నారు, పాము అనుకున్నారు. ఒక రాత్రి గూటి చుట్టూ నేల మీద ముగ్గుపిండి పలచగా చల్లి పడుకున్నారు. పొద్దున చూస్తే కాలవ కన్నం నుంచి గూటి మూలదాకా పందికొక్కు అడుగులు, మధ్యలో తోక ఈడ్చిన గీత. కన్నం రాళ్ళతో, సిమెంటుతో పూడ్చి, గూటికి కోళ్ళవల బదులు సన్నకన్నాల గట్టి ఇనప జాలీ వేశారు. రాత్రి గోల ఆగిపోయింది.

ఒక వైపు జాలీ, మూడు వైపులా గోడ, కింద ఊక, నాలుగు వైపులా గాలి ఆడేలా పైన వెంటిలేటర్లు ఉండేలా గూడు కట్టండి. తూర్పు వెలుగు నేరుగా పడకపోతే పొద్దుటి సందడి కాస్త ఆలస్యమవుతుంది. చిమ్మచీకట్లో బెదిరే బాతులుంటే దూరంగా జీరో బల్బు ఒకటి చాలు. శబ్దం రాకూడదని అంతా మూసేస్తే మాత్రం మన ఎండలకి, రెట్టలోంచి లేచే అమ్మోనియా ఘాటుకి పక్షులు బతకవు.

గూడు ఎక్కడ పెట్టాలన్నది భౌతికశాస్త్రం చెబుతుంది. ఆరుబయట, శబ్దం పుట్టే చోటికి దూరం రెట్టింపైన ప్రతిసారీ చెవికి చేరేది 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పక్కింటి కిటికీకి రెండు మీటర్లలో ఉన్న గూటిని ఎనిమిది మీటర్లకు జరిపితే 12 డెసిబెల్స్ తగ్గాలి. గోడలు తిప్పికొట్టే పెరట్లో అంత రాదు గాని, తేడా చెవికి తెలుస్తుంది. రెండు గోడలు కలిసే మూలలో పెడితే గోడలు శబ్దాన్ని ఎదుటివైపుకి తోస్తాయి, కాబట్టి ఆ మూల మీ ఇంటివైపు తెరుచుకోనివ్వండి. మేడ మీదివాళ్ళకి ప్రహరీ అడ్డు రాదు, వాళ్ళకోసం గూటికి బరువైన కప్పు కావాలి. రేకు కప్పు పనికిరాదు. మొక్కల కంచె కంటికి ఇంపుగా ఉంటుంది, శబ్దాన్ని పెద్దగా ఆపదు. గుడ్ల అట్టలు గోడకి అతికించినా అంతే. శబ్దాన్ని ఆపేది బరువు, అంటే ఇటుక, మందపాటి చెక్క.

ఇళ్ళ ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరుదాకా 45 డెసిబెల్స్ మించకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆడబాతులు గుడ్డు పెట్టేది ఎక్కువగా తెల్లవారుజామునే. అందుకే వాటిని ఎనిమిది దాటాక బయటికి వదలండి. గుడ్లు కూడా పెరటి మూలల్లో పోకుండా గూట్లోనే దొరుకుతాయి. ఈత తొట్టి నింపేది కూడా అప్పుడే. నీళ్ళను చూస్తే వాటి సంబరం పట్టలేం. ఆ నీళ్ళు ఏ రోజుకారోజు మొక్కలకి పోసెయ్యండి, లేకపోతే దోమల్ని పెంచినట్టే. ముక్కు రంధ్రాలు మునిగేంత లోతున్న తాగునీరు మాత్రం ఎప్పుడూ ఉండాలి. తల ముంచి ముక్కు కడుక్కోకపోతే వాటికి ఊపిరి కష్టమవుతుంది.

కొందరు రబ్బరు బ్యాండు, టేపు ముక్కుకి చుట్టారని విన్నాను. దయచేసి ఆ పని చెయ్యకండి, ఎవరైనా చేస్తుంటే ఆపండి. బాతుకి చెమట పట్టదు. వేడి పోవాలంటే ముక్కు తెరిచి రొప్పాలి. ముక్కు కట్టేస్తే మే నెల మధ్యాహ్నం గంటల్లో చనిపోతుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం అది నేరం కూడా.

చివరిగా ఆరోగ్యం మాట. ఎప్పుడూ ఖంగుమనే ఆడబాతు గొంతు హఠాత్తుగా బొంగురుపోయినా, అసలు పలకకపోయినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా ఇల్లు ప్రశాంతమైందని సంతోషించకండి. తడిసి బూజుపట్టిన ఊక, గడ్డిలో ఆస్పెర్‌జిల్లస్ అనే శిలీంధ్రం పెరుగుతుంది. అది పక్షి గాలిగొట్టాన్ని, సిరింక్స్‌ని పట్టేస్తుంది. ఊక మార్చి, పశువైద్యుడికి చూపించండి. చుట్టుపక్కల బర్డ్ ఫ్లూ వార్త వస్తే బాతుల్ని కాకులు, కొంగలు వాలని చోట మూసి ఉంచండి, ఎందుకంటే బాతు ఆ వైరస్‌ని జబ్బు పడకుండానే మోయగలదు. చనిపోయిన పక్షిని వట్టి చేత్తో ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖ ఆసుపత్రికి కబురు చెయ్యండి. పిల్లలు బాతుల్ని ఎత్తుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి, గుడ్లు పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించండి.

ఇన్ని చేసినా మీ వీధికి సరిపడకపోతే చెరువులో మాత్రం వదలకండి. మస్కోవీ తప్ప మన పెంపుడు బాతులు సరిగ్గా ఎగరలేవు, కుక్కల పాలవుతాయి. కుంట, మంద ఉన్న రైతుకి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు కొన్నాళ్ళు జాలీకి ఇవతల విడిగా ఉంచి, జబ్బు లేదని తేలాక, ఒకటి రెండు గంటలు చొప్పున మందలో కలపమని చెప్పండి.